దేవుడికి తప్ప ఎవరికీ చెప్పనన్న అయ్యగారు

ఇందులో ప్రతి అక్షరం నిజం. భద్రకాళమ్మ మీద ఒట్టు. ఆ తల్లి ఒక్కతే చాలదనుకునేవాళ్ళుంటే మా వాడకట్టు మొహర్రం పీరీల మీద, ఇది జరిగిన చర్చి గంట మీద, నాకు ఇన్నేళ్ళు తిండి పెట్టిన ఆంప్లిఫయరు మీద కూడా ఒట్టు. నన్ను ఎరిగినవాళ్ళు ఇప్పటికే నవ్వుతుంటారు. మార్కెట్ యార్డులో ఒక ఎద్దు మిరపకాయల బస్తా మొత్తం తినేసి తుమ్మితే, ఆ తుమ్ముకు బండి, బండివాడు, బస్తాలు అన్నీ కాజీపేట దాకా వెనక్కి పోయినయని ఊరంతా చెప్పింది నేనే. కాదనను. ఆ ఎద్దు సంగతి వేరు, అది నవ్వుకోవడానికి. ఇది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నోట్లో పుల్లటి నీళ్ళు ఊరుతాయి, వాంతికి ముందు ఊరినట్టు.

మాది వరంగల్‌లో కొత్తవాడ. ఇంట్లో జంపఖానాల మగ్గం. నాన్నకూ అన్నకూ కాళ్ళు గుంటలో, చేతులు పడుగు మీద. నాకు ఒకచోట కుదురుగా కూర్చునే పని పుట్టినప్పటి నుంచీ పడదు. డెబ్బైల్లో, మీసం సరిగ్గా రాకముందే, ఒక మైకు సెట్టాయన దగ్గర చేరి, తర్వాత నాదంటూ ఒక సెట్టు పెట్టుకున్నాను. ఆంప్లిఫయరు, హారన్లు, కారు బ్యాటరీ, అతుకుల వైరు. బతుకమ్మకు నేనే, పీరీలకు నేనే, పెళ్ళికి నేనే, చర్చి సభలకూ నేనే. దేవుళ్ళందరూ నా హారన్లలోనే మాట్లాడేవాళ్ళు. ఎవరి గొంతు వాళ్ళకు సవరించాలి. మిషన్ కాంపౌండు దేవుడికి గరగర కొంచెం తగ్గించి పెట్టాలి, లేకపోతే కీర్తనలు కుండలో పాడినట్టు వినబడేవి.

ఆ మిషన్ కాంపౌండు నుంచే మా వాడకు బైబిలమ్మ వచ్చేది. బైబిలమ్మ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. చర్చివాళ్ళు జీతమిచ్చి పెట్టుకునే ఆడమనిషి. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాక్యం చెప్పాలి, ప్రార్థన చేయాలి, అక్షరాలు నేర్పాలి, ఎవరికన్నా జ్వరమొస్తే మిషన్ దవాఖానకు వెంట తీసుకుపోవాలి. ఈమెది తెల్లచీర, భుజాన గుడ్డసంచి, చేతిలో మగవాళ్ళ నల్ల గొడుగు. పాలంపేట దిక్కు వరి పండించే ఊళ్ళో పుట్టింది. మొగుడు పోయాక మతం మారిందని పుట్టింటివాళ్ళు గడప తొక్కనివ్వలేదు. ఆమెకు ఈ భూమ్మీద ఉన్నదల్లా కాంపౌండు గోడవారన ఒక గది, ఆ జీతం, బైబిలమ్మ అన్న పేరు. ఉద్యోగం పోతే మూడూ ఒక్కసారే పోతాయి.

మా అమ్మ ఆమె మతంలో కలవలేదు. కలిసే ఆలోచన కూడా లేదు. కానీ ఆమె వచ్చే రోజు కోసం చూసేది.

"వచ్చినవా చెల్లె? మీ ఏసయ్య సంగతి తర్వాత, ముందుగాల జర చాయ తాగు. ఎండల పడి మొఖం ఎట్ల గుంజుకపోయిందో చూడు."

"చాయ తాగినంక వింటవా అక్కా? నిద్రపోతవా?"

"వింటనే. మొన్న ఆ పడవల గాలివాన ఆపిండు గదా, అటెన్క ఏమైందో చెప్పకుంటనే పోతివి. రాత్రంత అదే ఫికరు నాకు."

అమ్మకు బైబిలు ఒక సీరియల్ కథ. ఒక్కో వారం ఒక్కో ముక్క. కథ అయిపోయాక అసలు పని మొదలయ్యేది. ఈసారి అమ్మ చెప్పేది, ఆమె వినేది. గొంతులు తగ్గిపోయేవి. నేను అటువైపు పోతే ఇద్దరూ ఆగిపోయేవాళ్ళు.

"ఏంరా, ఆడోళ్ళ నడుమ నీకేం పని? నీ డబ్బా పట్టుకొని బయటికి పో."

తర్వాత వీధిలో ఆమెను పట్టుకుని అడిగేవాణ్ణి. నేను ఆమెను చిన్నమ్మా అని పిలిచేవాణ్ణి.

"చిన్నమ్మా, మా అమ్మ ఏం జెప్పింది? నా గురించేనా?"

"దారం మాటిమాటికి తెగుతాందట బిడ్డా."

ప్రతిసారీ అదే జవాబు. ఏ ఇంటి సంగతి అడిగినా అక్కడ దారమే తెగుతుండేది. ఆమె లెక్కన కొత్తవాడలో ఒక్క జంపఖానా కూడా పూర్తయ్యేది కాదు. తాగొచ్చి కొట్టే మొగుళ్ళు, దాచుకున్న రోగాలు, చెప్పుకోలేని ఇష్టాలు, అన్నీ ఆమె లోపల పడి ఉండేవి. కాంపౌండులోని పెద్ద ఇళ్ళవి కూడా. ఒక్కటి బయటికి రావడం ఎవరూ చూడలేదు.

ఆ చర్చిలో అప్పటిదాకా ఒక ముసలి అయ్యగారు, అంటే పాస్టరు, ఉండేవాడు. ఆయనకు ఏం చెప్పినా మర్చిపోతాడని పేరు. ఎవరైనా వచ్చి, "అయ్యగారూ, మొన్న ఫలానా ఆయన మీ దగ్గర ఏడ్చిండట గదా, ఎందుకు?" అంటే తల గోక్కునేవాడు. "ఏడ్చిండా? ఎవరు? నేనున్ననా ఆడ?" అనేవాడు. పాపం మతిమరుపు అనుకునేవాళ్ళు. నేను మాత్రం ఒకసారి గమనించాను. నా మైకు సెట్టులో ఏ స్క్రూ వదులుగా ఉందో, పోయిన ఏడు క్రిస్మస్‌కు ఏ హారన్ గరగరలాడిందో, అన్నీ ఆయనకు గుర్తే. మనుషులు చెప్పుకున్నవే గుర్తుండేవి కావు.

ఆయన రిటైరై వెళ్ళిపోయాక, ఎనభైలు మొదలయ్యే కాలానికి కొత్తాయన వచ్చాడు. బెంగుళూరులో కౌన్సిలింగ్ కోర్సు చదివి వచ్చాడట. చర్చి పక్కనున్న చిన్న గదికి సున్నం వేయించి, ఆకుపచ్చ తెర కట్టించి, ఎదురెదురుగా రెండు పేము కుర్చీలు వేయించాడు. కోర్సు చేసిన కాయితం అద్దంలో బిగించి గోడకు తగిలించాడు. "మనసులో బరువున్నవారు రండి. ఇక్కడ చెప్పుకున్నది ఇక్కడే ఉంటుంది" అని ఆదివారం ప్రకటన. కౌన్సిలింగ్ అయ్యగారని పేరు పడిపోయింది.

మనిషి చూడ్డానికి శుభ్రంగా ఉండేవాడు. అదే నాకు మొదట రోత పుట్టించింది. సెంటు చల్లిన చేతిగుడ్డ మడత విప్పి ఏడ్చేవాళ్ళకు ఇచ్చేవాడు. తర్వాత దాన్నే మడతపెట్టి తన జేబులో పెట్టుకునేవాడు. ఒకసారి ఆ గదిలో ఫ్యాను వైరు బాగుచేయమంటే పోయాను. నేను పని ముగించి బయటికొస్తుంటే ఒక టీచరమ్మ లోపలికి పోయి కూర్చుని కళ్ళు తుడుచుకుంది. తెర పడేలోపు ఆయన ముఖం చూశాను. పెళ్ళి బంతిలో కూర్చున్నవాడు లడ్డూల తట్ట తన ఆకు దగ్గరకు వస్తుంటే ఎట్లా చూస్తాడో, అట్లా చూస్తున్నాడు.

ఇక్కడ వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటారు. ప్రార్థనకు ముందు "మనవులు చెప్పండి" అంటారు. ఎవరికి ఏ కష్టముంటే అది చెప్పాలి, అందరూ దాని కోసం ప్రార్థించాలి. మంచి ఆచారమే. జ్వరమనీ, పరీక్షలనీ చెప్పేవాళ్ళు. అయితే ఒకరి కష్టం ఇంకొకరు కూడా చెప్పొచ్చు. అక్కడ మొదలయ్యేది తమాషా.

"మన సహోదరి ఒకామె. పేరు వద్దు. ఆమె కోసం భారముతో ప్రార్థించండి."

"అయ్యో, ఎవరామె?"

"పేరు ఎందుకమ్మా? రైల్వే గేటు పక్క ఇల్లు. ఆయన గార్డు పని. ఆయన డ్యూటీకి పోయినప్పుడు, వద్దులే, ప్రభువుకు తెలుసు."

"ప్రభువా!" అని అందరూ కళ్ళు మూసుకునేవాళ్ళు. కళ్ళు మూతపడేకొద్దీ చెవులు విచ్చుకునేవి. "ప్రార్థన కోసమే చెప్తాన" అన్న మాట ఒకటి ముందు పెడితే ఏ ఇంటి గుట్టయినా ఏ నోట్లోంచయినా దర్జాగా నడిచిపోయేది. ముసలి అయ్యగారు ఉన్నప్పుడు ఇట్లాంటిది మొదలైతే గట్టిగా దగ్గేవాడు, వెంటనే కీర్తన ఎత్తుకునేవాడు. కొత్తాయన దగ్గలేదు. వివరాలు అడిగేవాడు.

ఆ రోజుల్లో మా వాడలో ఒక చంటిపిల్లవాడికి జ్వరం ముదిరింది. నేతపని చేసుకునేవాళ్ళ బిడ్డ. బైబిలమ్మ ఆ పిల్లవాణ్ణి చంకనేసుకుని దవాఖానకు పోయింది, మంచం పక్కన మోకరించి ప్రార్థించింది, తల్లి నిద్రపోతే తను మేలుకుంది. పిల్లవాడు దక్కలేదు. ఆ తర్వాత కూడా ఆమె వాడకు వస్తూనే ఉంది, గొడుగు, సంచి, అక్షరాలు, అన్నీ మామూలే. కానీ అమ్మ గుర్తుపట్టింది.

"ఏందే చెల్లె, కథ చెప్తానవ్ గని నీ మనసు ఈడ లేదు."

ఆమె చాయ గ్లాసు కింద పెట్టింది. చివరికి చెప్పింది. "అక్కా, ప్రార్థన చేస్తాంటే ఖాళీ ఇంట్ల పిలిచినట్టున్నది. ఎవ్వరు పలుకుతలేరు. ఇంతకుముందు పలికేటోడో, నేనే అనుకున్ననో, అది గూడ తెలుస్తలేదు."

"గింతదానికేనా? మా మల్లన్న ఎన్నిసార్లు పలికిండు నాకు? నేను అడుగుడు ఆపిన్నా?"

"నీకు జీతమియ్యరు గదా అక్కా. నేను లేదనుకుంట ఉన్నదని చెప్పి జీతం తీసుకుంటాన. అది దొంగతనం గాదా?"

అమ్మ "మీ పెద్దలల్ల ఎవరికన్న చెప్పుకో" అంది. ముసలి అయ్యగారు ఉంటే ఆయన దగ్గరకే పోయేది, విని మర్చిపోయేవాడు. ఆయన లేడు. అద్దంలో కాయితమున్నాయన ఉన్నాడు. చదువుకున్నవాడు, మనసుల సంగతి నేర్చుకొచ్చినవాడు, తనను దొంగ అనకుండా దారి చూపిస్తాడని ఆమె నమ్మింది. పోయింది. కుర్చీలో కూర్చునే ముందే అడిగిందట. ఆ తర్వాత ఆమె అమ్మకు చెప్పినదాన్ని బట్టి రాస్తున్నాను.

"అయ్యగారూ, ఇది బయటికి పోతే నాకు నిలువ నీడ ఉండదు. ఎవ్వరికి చెప్పరు గదా?"

ఆయన చేతిగుడ్డ మడత విప్పి అన్నాడట. "దేవుడికి తప్ప ఎవరికీ చెప్పనమ్మా."

ఆమె మొత్తం చెప్పింది. పిల్లవాడి సంగతి, ఖాళీ ఇంటి సంగతి, జీతం సంగతి. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడట. ఏడ్చింది. గుడ్డ ఇచ్చాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ నెలలోనే ఉజ్జీవ కూటాలు, అంటే చల్లబడ్డ విశ్వాసాన్ని రగిలించే సభలు, వచ్చాయి. మిషన్ బడి మైదానంలో పందిరి. జనం ఎక్కువ వస్తారని ఒక హారన్ మైదానం వైపు, ఇంకొకటి కొత్తవాడ వైపు తిప్పి కట్టమన్నాడు కౌన్సిలింగ్ అయ్యగారు. "అన్యజనులు కూడా వినాలి" అన్నాడు. నేనే ఆ అన్యజనుణ్ణి, నేనే వేపచెట్టెక్కి కట్టాను. పొద్దు గుంకుతుండగా ఆయన వాక్యం చెప్పాడు. తర్వాత ప్రార్థన. మైకు ముందుకు వంగి, గొంతు వణికించి మొదలుపెట్టాడు.

"ప్రభువా, మా మధ్య నీ దాసురాలు ఒకామె యున్నది తండ్రీ. నీ వాక్యమును సంచిలో మోసికొని ఇల్లిల్లు తిరుగుచున్నది గాని, ఆమె హృదయములో నీవు లేవు తండ్రీ. కొత్తవాడలో ఆ పసిబిడ్డ చనిపోయిన దినము మొదలు ఆమె పెదవులు మాత్రమే నీతో మాట్లాడుచున్నవి. తన నోటితోనే నా యెదుట కన్నీళ్ళతో ఒప్పుకొన్నది ప్రభువా! లేని విశ్వాసమునకు జీతము పుచ్చుకొనుచున్నానని ఒప్పుకొన్నది తండ్రీ! ఆమె పేరు నీకు తెలుసు! ఆమెను కదిలించుము!"

పేరు దేవుడికొక్కడికే కాదు, హారన్లు తిరిగిన దిక్కున ఉన్న ప్రతి గడపకూ తెలిసింది. సంచి మోసుకుని ఇల్లిల్లూ తిరిగే ఆడమనిషి వరంగల్ మొత్తానికి ఎంతమంది? సౌండు తగ్గిద్దామని నా చెయ్యి నాబు మీదికి పోయేసరికే ఆమెన్ అయిపోయింది. ఆడవాళ్ళ వరుసలో తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఆమె మధ్యలో కూర్చుని ఉంది. గొడుగు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మెల్లగా జరిగి, ఆమె చుట్టూ చోటు వదిలారు. ఒకామె చెయ్యి చాపి భుజం తట్టింది. "అయ్యో అక్కా, మేము నీ కోసం ప్రార్థన చేస్తం" అంది. ఆ గొంతు నిండా తీపే.

జనం పోయాక వైరు చుడుతూ ఆయన దగ్గరకు పోయాను.

"అయ్యగారూ, ఆమె మీకు చాటుగ చెప్పుకున్న మాట గదా అది?"

"నేను ఎవరితో చెప్పాను తమ్ముడూ?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ప్రభువుతో విన్నవించుకున్నాను."

"మీ ప్రభువుకు చెవుడా అయ్యగారూ, నా హారన్లు కావాల్నా?"

ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. నా తల మీద చెయ్యి పెట్టి, "నీ కోసం కూడా ప్రార్థన చేస్తాను" అన్నాడు. మీద పాము పడ్డట్టు నేను ఆ చేతి కింది నుంచి తప్పించుకున్నాను. అబద్ధాలాడేవాణ్ణి నేను, నాకు అబద్ధం వాసన తెలుసు. ఆ మనిషి అబద్ధమాడడం లేదు. తన మాట తను నిలబెట్టుకున్నాననే నమ్ముతున్నాడు. అందుకే అంత రోత.

మరునాడు మా ఇంటికి ముందు వచ్చింది చనిపోయిన పిల్లవాడి తల్లి. బైబిలమ్మను తిడుతుందేమోనని అమ్మ భయపడింది. ఆమె మెట్టు మీద కూర్చుంది.

"అక్కా, నా పోరగాని కోసం ఇంత కుమిలినామె ఇంకొకామె ఉన్నదని నాకు తెల్వనే తెల్వదు. ఆమె ఇయ్యాల వస్తదా?"

బైబిలమ్మ ఆ రోజు రాలేదు. ఆమెను వాడకు పోవద్దని చర్చి కమిటీ ఆపింది. కోతల పండుగ రోజున సంఘం ముందు తేలుస్తామన్నారు.

కోతల పండుగ అంటే ఊళ్ళ నుంచి విశ్వాసులు పండినవి తెచ్చి చర్చి ముందు పెడతారు. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన అయ్యాక వేలం పాట. వేలం పాటకు మైకు కావాలి, అందుకే నేనున్నాను. పాట అయిపోయాక కమిటీ సెక్రటరీ సారు నా వైపు చెయ్యి ఊపాడు. ఆయన బడి హెడ్మాస్టరు కూడా.

"మైకు బంజెయ్యి తమ్మీ. ఇది మా లోపలి సంగతి."

బంజేశాను. కానీ నా వైరు చాలా పొడుగు. ఎంత చుట్టినా తరగని వైరు ఆ రోజు.

బల్ల వెనక పెద్దలు. పక్కన కౌన్సిలింగ్ అయ్యగారు, కళ్ళు మూసుకుని. ఎదురుగా, అమ్ముడుపోయిన గుమ్మడికాయల పక్కన బైబిలమ్మ నిలబడింది. ముందుగా మాట్లాడింది మిషన్ దవాఖాన డాక్టరమ్మ.

"అయ్యగారూ, నా రోగి రోగం నేను మైకుల చెప్తే నన్ను ఆ దినమే దవాఖాన నుంచి వెళ్ళగొడ్తరు. మీ కోర్సుల అట్లాంటి నియమం చెప్పలేదా?"

ఆయన కళ్ళు తెరిచి మెత్తగా నవ్వాడు. "మీది వృత్తి డాక్టరమ్మా. నాది పరిచర్య. వృత్తికి నియమాలుంటాయి. పరిచర్యకు ప్రేమ ఉంటుంది."

"ఆమె ఉద్యోగం పోతాంది. ఇదేం ప్రేమ?"

"ఆత్మ కంటే ఉద్యోగం గొప్పదా?" అన్నాడు. పెద్దలు తలలూపారు. డాక్టరమ్మ ఆ తలల వైపు చూసి కూర్చుంది.

సెక్రటరీ సారు గొంతు సవరించుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తొందరగా తేల్చి ఇంటికి పోయి కోడి కూర తినాలని ఉంది ఆయనకు.

"అమ్మా, పెద్దగ ఏం వద్దు. ఒక్క ప్రార్థన చెయ్యి, అందరం వింటం. నీకు విశ్వాసమున్నదని రాసుకుంటం. నీ పని నీది, నీ గది నీది. కానియ్యి."

అంతే. ఆమె చేయాల్సిందల్లా అంతే. జీవితమంతా చేసిన పని. నిద్రలో కూడా చేయగలదు. నేను వైరు చుట్టడం ఆపేశాను. చెయ్యి చిన్నమ్మా, చెయ్యి అనుకుంటున్నాను లోపల. నేనైతే దేవదూతలు దిగివచ్చి గుమ్మడికాయల మీద కూర్చునేంత ప్రార్థన చేసేవాణ్ణి.

ఆమె కళ్ళు మూసుకుంది. చేతులు జోడించింది.

అప్పుడు నేను మిగతావాళ్ళను చూశాను. ప్రార్థన అంటే ఏం చేయొచ్చో కౌన్సిలింగ్ అయ్యగారు వాళ్ళందరికీ నేర్పించి ఉన్నాడు గదా. ఈమె ఎవరి ఇంట్లో ఏం విన్నదో ఎవరికి వాళ్ళకు తెలుసు. ట్రెజరర్ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సెక్రటరీ సారు పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. ఉజ్జీవ కూటంలో భుజం తట్టి తీపిగా మాట్లాడినామె నేల చూస్తోంది, చెవుల దాకా చెమట. "ప్రభువా, ఈ సహోదరి ఇంట్లో" అని ఆమె ఒక్క ముక్క ఎత్తుకుంటే చాలు, ఆ బల్ల బల్లంతా కూలిపోతుంది.

ఒక్క మాట రాలేదు. పెదవి కూడా కదల్లేదు. ఎక్కడో ఒక కోడి రెక్కలు టపటపలాడించింది, అంతే చప్పుడు. చాలాసేపటికి కళ్ళు తెరిచి "ఆమెన్" అంది.

అందరూ ఊపిరి వదిలారు. వదిలాక సెక్రటరీ సారుకు పని గుర్తొచ్చింది.

"ప్రార్థన ఏది అమ్మా?"

"చేసిన సారూ. నాకు చెప్పుకున్నోళ్ళ గురించే చేసిన. అది మీకు వినబడేది గాదు."

"అది సరే గని, విశ్వాసమున్నట్టా, లేనట్టా? ఉన్నదని ఒక్క మాట అను."

"మీరడుగుతాన్రు గాబట్టి అబద్ధం చెప్పను. ఇయ్యాల లేదు సారూ. రేపు సంగతి నాకు తెల్వదు. లేకపోయినా ఇండ్లకు పోత, పిల్లలను దవాఖానకు తోల్కపోత, అక్షరాలు చెప్త. అది చాలదంటే మీ ఇష్టం."

చాలదన్నారు. ఆమెను తీసేయాలనేవాళ్ళు చేతులెత్తమంటే, ముందు ఎత్తింది ఆమె మౌనం వల్ల బతికిపోయినవాళ్ళే. డాక్టరమ్మ ఎత్తలేదు. కౌన్సిలింగ్ అయ్యగారు కూడా ఎత్తలేదు. కళ్ళు మూసుకుని కన్నీళ్ళు కారుస్తున్నాడు. ఆ ముఖం మీద నిజమైన బాధ కనిపించింది. ఆ బాధను చూసి నాకు ఇంకా ఎక్కువ రోత పుట్టింది.

గది ఖాళీ చేయించారు. ఆమెను నేనే రిక్షాలో మా ఇంటికి తెచ్చాను. సంచి, గొడుగు, ఒక ట్రంకు పెట్టె. అమ్మ మగ్గం గది మూలన చోటు చూపించింది. తర్వాత ఆమె ఎనుమాముల మార్కెట్ యార్డులో మిరపకాయల తొడిమలు తీసే పనికి కుదిరింది. చేతులు మండి రాత్రిళ్ళు నూనె రాసుకునేది. వాడ ఆడవాళ్ళు పొద్దుగూకి వచ్చి ఆమె పక్కన కూర్చునేవాళ్ళు. చనిపోయిన పిల్లవాడి తల్లి అందరికంటే ముందు వచ్చేది. గొంతులు తగ్గిపోయేవి. ఒకరోజు అమ్మ అడిగింది.

"ఏందే చెల్లె, మరి నీ దేవుడు పలికిండా ఇప్పుడన్న?"

"లేదక్కా. గని చెప్పుకునేటోళ్ళు వస్తనే ఉన్నరు గదా. నేనన్న పలకాలె."

ఇక కౌన్సిలింగ్ అయ్యగారి సంగతి. ఆ పండుగ తర్వాత ఆ ఆకుపచ్చ తెర దాటి ఒక్క మనిషి లోపలికి పోలేదు. పొద్దున వచ్చి కూర్చునేవాడు, సాయంత్రం దాకా ఎదురుగా ఖాళీ కుర్చీ. కొన్నాళ్ళకు ఆ కుర్చీలో పిల్లి ఈనింది. ఆయన పిల్లికే చేతిగుడ్డ చాపి "నీ బరువు చెప్పుకో" అన్నాడు. పిల్లి కూడా పిల్లలను నోట కరుచుకుని కాంపౌండు దాటిపోయింది. చివరికి ఒకరోజు కాజీపేటలో రైలెక్కాడు. స్టేషన్లో కళ్ళు మూసుకుని చేతులు జోడించగానే, ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా మూటలు సర్దుకుని పరుగెత్తారు.

ఇక్కడ ఆపాలి. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాశాను. ఈ చివరి ముక్క మాత్రం నేను కల్పించింది. పిల్లి నాది. రైలు నాది. ఖాళీ కుర్చీ మొత్తం నాదే. జరిగింది వేరు. ఆ పండుగ తర్వాత ఆయన గది ముందు జనం పెరిగారు. వరండాలో బెంచీలు వేయాల్సి వచ్చింది. ఆ రోజు చెమటలు పట్టినవాళ్ళే వరుసలో కూర్చున్నారు. తర్వాత ఆయన ఇంకా కొందరికి కౌన్సిలింగ్ నేర్పడం కూడా మొదలుపెట్టాడు. ఆ వరుసలో కూర్చునేవాళ్ళలో ఒకామెను మా అమ్మ బజార్లో ఆపి అడిగింది. "ఆయన అందరికి చెప్తడని తెల్సి గూడ ఎందుకు పోతాన్రే?"

"తెల్సే పోతానం అక్కా" అన్నదట ఆమె. "మా బాధ ఆయన నోట్ల పడితే ఇంత మంది ప్రార్థన చేస్తరు గదా. పక్కోళ్ళ బాధ గూడ మనకు తెలుస్తది."

అమ్మ ఇంటికొచ్చి ఈ మాట చెప్పి, లేచి వాకిట్లోకి పోయి ఉమ్మి వచ్చింది.